ధూమ్రదుర్గంలో తాంబూలం

తూర్పుకొండల మీద సూర్యుడు ఇంకా సగమే తల ఎత్తాడు. మణిశృంగ రాజధానిలో కోట వెనుక పచ్చిక బయలు నిండా రెక్కపల్లకీలు బారులు తీరి ఉన్నాయి. ఆహా, చూడవలసిన దృశ్యమే! నెమలికంఠం రంగు పట్టు రెక్కలు, బంగారు పూత పూసిన వెదురు చట్రాలు, ముక్కు దగ్గర తామరపువ్వులా విచ్చుకున్న గాలిచక్రం, నడుమ రాగికుండలో బుసబుసమని కాగే పాదరసం. రెక్కల చివర చిరుగంటలు. ఇవన్నీ చాలనట్టు వెనుక పీఠం మీద ముత్యాల కుచ్చులతో ఒక తెల్లగొడుగు! ఆ గొడుగు గాలికి అడ్డుపడి సగం వేగం తినేస్తోందని ఎగిరేవాళ్ళంతా మొత్తుకున్నారు. గొడుగు లేకుండా రాచబిడ్డ ఎండలో పోతాడా అని ఆస్థానం వారు ఎదురడిగారు. గొడుగు అలాగే ఉండిపోయింది.

ఈ వాహనాలను నిర్మించిన సిద్ధుడు మహానుభావుడు. ఎలా ఎగరాలో పూసగుచ్చినట్టు చెప్పి, ఎలా దిగాలో చెప్పకముందే సమాధిలో కూర్చున్నాడు. దిగడం మణిశృంగ వీరులు సొంతంగా నేర్చుకున్నారు. అలా నేర్చుకోగా మిగిలినవాళ్ళే ఇప్పుడున్నవాళ్ళు.

ఇక ఆస్థాన శిల్పి తెలివికి జోహార్లు చెప్పాలి. పల్లకి ముక్కున బిగించమన్న పెద్దవిల్లును ఆయన గాలిచక్రానికి వెనుక బిగించాడు. బాణం వదిలితే మొట్టమొదట విరిగేది సొంత చక్రమే. అలా తమను తామే కూల్చుకున్న వీరులకు రాజుగారు స్మారక శిలలు వేయించారు. విల్లును మాత్రం ఎవరూ కదపలేదు. అంత శాస్త్రోక్తంగా పూజచేసి బిగించినదాన్ని ఊడదీస్తే అరిష్టం కాదూ?

ఆ బయలు పక్కన పట్టుడేరాలో యువరాజు విజృంభకేసరి హంసతూలికా తల్పం మీద పడుకుని గారెలు తింటున్నాడు. ఎదుట పోలన అనే జాలరి యువకుడు యువరాజు కవచం తొడుక్కుంటున్నాడు. ఇది రోజూ జరిగే పనే. యువరాజు మొదటిసారి పల్లకి ఎక్కిన నాడు అది నేల విడవకముందే వాంతి చేసుకుని దిగిపోయాడు. ఆనాటి నుంచి పోలన ఆయన కవచం తొడిగి, ముఖమంతా కప్పే సింహపు శిరస్త్రాణం పెట్టి, ఆయన పేరున ఎగురుతున్నాడు. గెలుపులన్నీ యువరాజు ఖాతాలోకి, దెబ్బలన్నీ పోలన ఒంటి మీదికి పోతున్నాయి.

"పోలనా, నిన్న నేను ఎందరిని కూల్చాను?" అని అడిగాడు యువరాజు.

"ఇద్దర్నండి, ప్రభూ."

"బాగానే పోరాడాను. భుజం నొప్పిగా ఉంది," అంటూ యువరాజు ఇంకో గారె అందుకున్నాడు.

పోలన తోలుపట్టీ బిగించుకుంటూ తటపటాయించాడు. "ప్రభూ, ఈ మధ్యాహ్నం ధూమ్రదుర్గం మీద నిప్పుకుండలు వేస్తారంట గదండీ. రెక్కలు కుట్టే కొట్టం మీద. ఆ కొట్టంలోనే మా అక్క ఉందండి."

"ఉంటే? ఆమె కుట్టబట్టే కదా ఆ మాంత్రికుడి పల్లకీలు ఎగురుతున్నాయి?"

"ఇష్టపడి కుట్టడం లేదు బాబూ. ఎత్తుకుపోయి, గొలుసేసి కుట్టిస్తన్నాడు."

"ఆ సంగతి రెక్కలకు తెలుసునా?" అన్నాడు యువరాజు. అని, తన చమత్కారానికి తానే మురిసిపోయి నవ్వాడు. "మధ్యాహ్నంలోగా ఆ కరాళుణ్ణి పడగొట్టు. ఆకాశంలో వాడు లేకపోతే మనవాళ్ళకు అడ్డే ఉండదు. మీ అక్క సంగతి నీ ఇష్టం. నిప్పుకుండలు మాత్రం ఆగవు."

పోలనకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు. తల్లినీ తండ్రినీ ఒకే తుపానులో సముద్రం మింగేస్తే, రాత్రింబగళ్ళు వలలు అల్లి తనను సాకిన పేరమ్మ అక్క. ఆమె వేలితొడుగు లేకుండా ఎంత మందపు పట్టయినా కుట్టేస్తుంది. ఆ పేరు విని ధూమ్రదుర్గపు మాంత్రికుడు కాలఝంపుడు గద్దల్ని పంపి ఆమెను ఎత్తుకుపోయాడు. రాజుగారు బాధపడ్డారు. ఆమె పోయిందని కాదు, శత్రువు రెక్కలు ఇక చిరగవని.

పోలన దగ్గర ఒక ఉపాయం ఉంది. అది ఎవరికీ చెప్పలేదు.

మణిశృంగం వారూ ధూమ్రదుర్గం వారూ అన్నిటికీ కొట్టుకుచస్తారు గానీ, ఆకాశ మర్యాద దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. నింగిలో గెలిచినవాడు నేలకు దిగి ఓడినవాడికి తాంబూలం ఇవ్వాలి. ఓడినవాడు దాన్ని నమిలి ఉమ్మేదాకా గెలిచినవాడి మీద ఎవడూ కత్తి దూయకూడదు, అది శత్రువు నడికోట అయినా సరే. అయితే ఈ మర్యాద రాచపుట్టుక పుట్టినవాళ్ళకే. మిగతావాళ్ళకు తాంబూలమూ లేదు, వాయిదా కూడా లేదు.

కాబట్టి కరాళుణ్ణి వాడి కోట మీదనే కూల్చాలి. తాంబూలం పేరు చెప్పి దిగాలి. వాడు నమిలేలోగా అక్కను పల్లకి ఎక్కించాలి. పోలన అంగడంతా గాలించి, సుత్తితో కొట్టినా పగలని వక్కలు ఏరి తాంబూలం చుట్టించుకున్నాడు.

వెనుక పీఠం మీద అప్పటికే వందిభట్టు శంఖయ్యగారు ఆసీనులై ఉన్నారు. ఒక గంగాళం, తాంబూలానికి వెండిపళ్ళెం, రెండు శాలువలు, అరటిపండ్ల గెల, ఆపైన ఆయన. పోరుకు ముందు వీరుడి వంశమూ బిరుదులూ వందిభట్టు గొంతెత్తి చదవందే ఆకాశంలో ఎవరూ ఎవరినీ కొట్టకూడదు. గాలిచక్రం గిర్రున తిరిగింది. పల్లకి పచ్చికంతా ఎగిరెగిరి పడి, ఎలాగో లేచింది. కింద నలుగురు బోయీలు "ఓహోం ఓహోం" అంటూ పరుగెత్తారు. పేరులో పల్లకి ఉంది గనుక బోయీలు ఉండి తీరాలని మంత్రిగారి పట్టుదల. పాపం వాళ్ళు రోజూ ఏరు అడ్డం వచ్చేదాకా పరుగెత్తి, అక్కడ కూర్చుని చద్దన్నం తిని తిరిగి వస్తారు.

పల్లకి మబ్బుల్లోకి చేరింది. ఎటు చూసినా ఏకిన దూదికుప్పలు, వాటి అంచుల మీద కుంకుమ చల్లినట్టు పొద్దుటెండ. అడుగున అడవులు, వెండితీగలా సాగే నది, దానికావల నల్లటి రాతికొండ. కొండ కొమ్మున పొగలు కక్కే బురుజుల ధూమ్రదుర్గం. మామూలు మనిషైతే చేతులు జోడించే అందం. శంఖయ్యగారు మాత్రం అరటిపండు ఒలుచుకుంటున్నారు.

"నాయనా, నీ కాళ్ళ దగ్గర ఆ మూటేమిటి?" అని అడిగారు.

"విసురువలండి."

"వలా! యువరాజులవారు వల విసరుతారా? అది నేను ఏ బిరుదులో ఇమడ్చను?"

"విల్లుతో కొడితే మన చక్రమే విరుగుద్ది పంతులుగారూ. పైనించి వలేస్తే ఆడి చక్రానికి చుట్టుకుంటది."

"గెలుపుదేముంది నాయనా, వస్తుంది పోతుంది. మర్యాద పోతే మళ్ళీ రాదు," అని శంఖయ్యగారు నిట్టూర్చారు.

అంతలో కొండ వెనుక నుంచి గబ్బిలపు రెక్కల నల్లపల్లకి ఒకటి రివ్వున లేచింది. ముందు పీఠంలో గుబురు మీసాలవాడు కూర్చున్నాడు. అతడే కరాళుడు, మాంత్రికుడి మేనల్లుడు. మణిశృంగ వీరుల్లో నేలకు దిగడం నేర్చుకున్న కొద్దిమందిని కూడా నేలకు దించినవాడు.

రెండు పల్లకీలూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగసాగాయి. నల్లపల్లకి వెనుక ఉన్న భట్టు లేచి గొంతు సవరించుకున్నాడు. కరాళుడి ముత్తాత తాత నుంచి ఎత్తుకున్నాడు. ఆయన వేట, ఆయన పెళ్ళి, ఆయన రెండో పెళ్ళి. పోలన సూర్యుడి కేసి చూస్తూ పళ్ళు కొరుక్కున్నాడు. అవతలివాడు ముగించేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఇక శంఖయ్యగారి వంతు.

"పంతులుగారూ, మీ కాళ్ళట్టుకుంటాను, కురచగా చదవండి!"

"కురచగా చదివితే వంశానికి కురచ. మధ్యలో మాట్లాడకు, మొదటి నుంచి ఎత్తుకోవలసి వస్తుంది," అన్నారాయన. అని, యువరాజు విజృంభకేసరి సింహాన్ని పిడికిట పట్టి చంపిన వైనం అందుకున్నారు. యువరాజు ఆ పిడికిట ఇంతవరకూ పట్టింది గారెలే! పోలన పగ్గం పట్టుకుని ఉడికిపోయాడు.

చివరికి ఆఖరి బిరుదు పూర్తయింది. ఆ క్షణమే కరాళుడు చేతివింటితో వేసిన బాణం పోలన చెవి పక్కగా దూసుకుపోయింది. పోలన పగ్గం లాగాడు. పల్లకి నిలువునా లేచింది. అరటిగెల జారి నదిలో పడింది. కరాళుడు తోక పట్టుకుని వదలడం లేదు. గొడుగు వెనక్కి గుంజుతుంటే పల్లకి ముక్కుతోంది. పోలన మొలలోని కత్తి తీసి గొడుగు కాడ నరికేశాడు. "రాజలాంఛనం!" అని శంఖయ్యగారు కెవ్వుమన్నారు. ముత్యాల గొడుగు గాలిలో దొర్లుకుంటూ పోయి కరాళుడి ముఖానికి అడ్డంగా పడింది.

అతడు దాన్ని విదిలించుకునేలోపు పోలన మబ్బులో దూరి, చుట్టుతిరిగి, సరిగ్గా వాడి నెత్తి మీదికి వచ్చాడు. కింద ధూమ్రదుర్గం ముంగిలి కనిపిస్తోంది. పోలన పీఠం మీద నిలబడి, నడుము తిప్పి వల విసిరాడు. వల గుండ్రంగా విచ్చుకుని నల్లపల్లకి ముక్కు మీద పడింది. గాలిచక్రం దాన్ని చుట్టుకుని చుట్టుకుని ఆగిపోయింది. కరాళుడి పల్లకి గిరికీలు కొడుతూ పోయి కోట ముంగిట్లోని గడ్డివామి మీద కూలింది.

వెంటనే పోలన కూడా దిగాడు. దిగాడంటే మర్యాదకు అన్నమాట. పల్లకి మూడుసార్లు దొర్లి, చక్రం విరిగి, బావిగట్టుకు తగిలి ఆగింది. నలువైపుల నుంచీ భటులు కత్తులు దూసి వచ్చిపడ్డారు. శంఖయ్యగారు గడ్డిపోచలు దులుపుకుని, వెండిపళ్ళెం తలపైకెత్తి, "తాంబూలం!" అని గర్జించారు.

కత్తులన్నీ దిగిపోయాయి. అరుగు మీద పులిచర్మంపై కూర్చున్న కాలఝంపుడు ఏడవలేక నవ్వాడు. "విజయం చెయ్యండి, యువరాజా," అన్నాడు.

కరాళుడు గడ్డివామిలోంచి కుంటుకుంటూ వచ్చి, వంగి నమస్కరించి, తాంబూలం అందుకుని బుగ్గన పెట్టుకున్నాడు. పటపటమని శబ్దమైంది. ఆ పళ్ళ ముందు వక్కలు ఎంతోసేపు నిలవవని పోలనకు అర్థమైంది. "మీవాళ్ళ రెక్కకుట్టు గొప్పదని విన్నాను, ఒక్కసారి చూసి పోతాను," అంటూ పోలన ముంగిటి పక్కనే ఉన్న కొట్టం వైపు నడిచాడు.

కొట్టంలో వరుసలు వరుసలుగా ఆడవాళ్ళు. చేతిలో సూది, కాలికి గొలుసు, ఒళ్ళో నల్లపట్టు. గుమ్మం దగ్గరే కూర్చున్న పేరమ్మ అడుగుల చప్పుడుకు తలెత్తింది. ఇనుప సింహం ముఖంతో ఒక యువరాజు నడిచి వస్తున్నాడు. ఆ నడక ఆమెకు తెలియనిదా! చేతిలో పట్టు అక్కడే పారేసి ముంగిలి దద్దరిల్లేలా అరిచింది.

"ఒరేయ్ పోలిగా! ఎంత చిక్కిపోయావురా నాయనా! అన్నం తింటన్నావా లేదా?"

ముఖం నిండా ఇనుము కప్పి ఉంటే చిక్కడం ఎక్కడ కనబడిందో ఆ తల్లికే తెలియాలి.

"పోలిగాడా?" అని కాలఝంపుడు మెల్లగా లేచాడు. "రాచబిడ్డ కాదన్నమాట. మరి తాంబూలం దేనికి? పట్టుకోండి!"

ఇక దాచి లాభం లేదు. పోలన శిరస్త్రాణం తీసి నేలకేసి కొట్టాడు. "పట్టుకోండి, నరకండి, మీ ఇష్టం! ముందు ఈ ఆడోళ్ళని వదలండి. మిట్టమధ్యాన్నానికి ఈ కొట్టం మీద నిప్పుకుండలు పడతాయి!"

కాలఝంపుడు పకపక నవ్వాడు. "తలుపు మూసి తాళం వెయ్యండిరా! లోపల ఆడవాళ్ళున్నారని తెలిస్తే వీళ్ళ రాజు వేస్తాడా?"

"ఏస్తాడు బాబూ," అంది పేరమ్మ మూసుకుంటున్న తలుపు సందులోంచి. "మా రాజు సంగతి మీకు తెలవదు."

అప్పుడే వినిపించాయి శంఖాలు. నది ఆవలి నుంచి నెమలికంఠం రంగు రెక్కలు గొడుగులతో, చిరుగంటలతో, పెళ్ళికి తరలి వస్తున్నట్టు బారు కట్టి వస్తున్నాయి. కాలఝంపుడు ఆకాశం కేసి చూశాడు. తాను నేర్చిన అరవైనాలుగు మంత్రాలలో ఈ సమయానికి తగినది ఒక్కటీ తట్టలేదు కాబోలు, తాళంచెవి బొడ్లో దోపుకుని నేలమాళిగ వైపు లంఘించాడు. ప్రభువును కాపాడాలనే స్వామిభక్తితో భటులంతా, కరాళుడి భట్టుతో సహా, ఆయనను దాటుకుని ముందే దూరారు.

ముంగిట్లో మిగిలింది పోలన, శంఖయ్యగారు, బుగ్గలో తాంబూలంతో కరాళుడు. లోపల నుంచి ఆడవాళ్ళు తలుపు బాదుతున్నారు. పోలన పోయి భుజంతో తలుపును గుద్దాడు. అది కదలలేదు.

"అక్కా! ఎనక్కి జరుగు!"

"ఒరేయ్, నువ్వు పోరా! నా మాటిను. నువ్వొక్కడివన్నా బతకరా!"

"నువ్వు లేకుండా నేనెక్కడికి పోతానే!" అంటూ పోలన ఏడ్చేశాడు.

కరాళుడు అంతా చూశాడు. నములుతున్నది కష్టం మీద గుటుక్కున మింగి, నోరు తెరిచి చూపాడు. "ఉమ్మలేదు. ఇక ఈ జన్మకు నీ మీద కత్తి ఎత్తలేను. వక్క మాత్రం దరిద్రపు వక్క," అన్నాడు. అని, గోడకు వేలాడే గండ్రగొడ్డలి తీసి తలుపు మీద వేటు వేశాడు. "ఇది ఇనుపకర్ర, తొందరగా తెగదు. అరుగు వెనుక నా రెండో పల్లకి ఉంది. పైకి పోయి మీవాళ్ళను కాసేపు ఆపు!"

పోలన పరుగెత్తి నల్లపల్లకి ఎక్కాడు. వెనుక ధబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే శంఖయ్యగారు.

"మీరెందుకండీ!"

"వందిభట్టు లేనిది పోరాటం కాదు నాయనా, కొట్లాట. కానీ ఇప్పుడు నేను ఎవరి వంశం చదవాలి?"

"పేరమ్మ తమ్ముణ్ణని చదవండి!"

నల్లపల్లకి దండుకు ఎదురేగింది. శంఖయ్యగారు నిలబడి, ఎన్నడూ లేని బిగ్గరతనంతో, "వీడు పేరమ్మ తమ్ముడు పోలన!" అని చాటారు. ఆయన జీవితంలో అంత కురచ బిరుదావళి అదే. దండు ఠక్కున వేగం తగ్గించి చుట్టు తిరగసాగింది. మర్యాద మర్యాదే గనుక పల్లకి పల్లకిలోనూ ఒక్కో భట్టు లేచి గొంతు సవరించుకున్నాడు. పోలనకు ప్రాణం లేచివచ్చింది. కింద గొడ్డలి దెబ్బలు వినిపిస్తున్నాయి.

అందరికంటే ముందున్న పల్లకి మాత్రం ఆగలేదు. అందులో సాక్షాత్తు యువరాజు విజృంభకేసరి! కరాళుడు కూలాడనీ, ఆకాశంలో ఈగ కూడా లేదనీ వేగులవారు చెప్పగానే ఆయనకు పౌరుషం పొంగింది. రెండోసారి పల్లకి ఎక్కాడు. ఆకాశ మర్యాద ఆయనకెవరు చెప్పాలి? ఎన్నడూ వస్తేగా! ముందు కూర్చున్న సారథిని ఆపనివ్వకుండా, పచ్చబడిన ముఖంతో, ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో మండే కుండ పట్టుకున్నాడు.

"ప్రభూ! వద్దు! ఆడోళ్ళున్నారు!" అని పోలన గొంతు చించుకున్నాడు.

యువరాజుకు వినపడిందో లేదో తెలియదు. ఆయనకు మళ్ళీ కడుపులో తిప్పింది. రెండు చేతులతో నోరు పట్టుకున్నాడు. కుండ జారింది.

అది సరిగ్గా కొట్టం మీదికే పడుతోంది. పోలన ఆలోచించలేదు. పల్లకి ముక్కు కిందికి నొక్కి, కుండ కంటే ముందు కిందికి చేరి, ఎడమ రెక్కను దాని కింద పెట్టాడు. కుండ భళ్ళున పగిలింది. నల్లపట్టు అంచు నుంచి అంచుకు అంటుకుంది.

కింద తలుపు విరిగి పడింది. ఆడవాళ్ళు గొలుసులు ఈడ్చుకుంటూ బయటికి తోసుకువచ్చారు. పేరమ్మ తల ఎత్తి, మండుతున్న రెక్కను చూసింది. ఆ రెక్క ఆమె చేత్తో కుట్టినదే. ఒక్కసారి గుండె బాదుకుని, మరుక్షణం కొట్టంలోకి వెనుదిరిగింది.

"రండే! ఏడుపు తర్వాత! పట్టండి!"

సగం కుట్టిన మహారెక్క ఒకటి, ఇంటి కప్పంత పట్టు, ఆడవాళ్ళందరి చేతుల మీదుగా ముంగిట్లోకి వచ్చింది. అంచులు పట్టుకుని, కాళ్ళ గొలుసులు గలగలలాడుతుంటే, పొగలో అటూ ఇటూ దొర్లుతున్న పల్లకి కిందకు వాళ్ళు పరుగెత్తారు. కరాళుడు గొడ్డలి పారేసి ఒక కొస అందుకున్నాడు.

"పోలిగా! దూకరా!"

పోలన శంఖయ్యగారి నడుము చుట్టూ చెయ్యి వేశాడు. కిందంతా పొగే. పట్టు కనిపించడం లేదు, మనుషులూ కనిపించడం లేదు. అక్క గొంతు ఒక్కటే వినిపిస్తోంది. అతడు పగ్గం వదిలేసి ఆ గొంతు వచ్చిన వైపు దూకాడు.